చదరపు గళ్ళలో చిరునామా

1994లో జపాన్‌కు చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం మోటారు వాహనాల విడిభాగాలను గుర్తించేందుకు క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. 2009లో ఆరంభమైన బిట్‌కాయిన్‌కు అది చక్కగా అక్కరకు వచ్చింది. బిట్‌కాయిన్ చిరునామా అక్షరాలు, అంకెలు కలగలిసిన పొడవైన వరుస. చేతితో ఎత్తిరాయడం కష్టం. వర్తకుడు ఆ చిరునామాను, రావలసిన మొత్తాన్ని గళ్ళలో పొందుపరచి చూపితే కొనుగోలుదారు ఫోను క్షణంలో చదువుతుంది. అత్యధిక రక్షణ స్థాయిలో సుమారు 30 శాతం చెరిగినా గణితం ఆ లోపాన్ని పూరిస్తుంది.

అయితే ఆ చిరునామా ఎవరిదో గళ్ళు చెప్పలేవు. అంగడిలోని కాగితంపై మోసగాడు తన కాగితం అంటిస్తే సొమ్ము అతనికే చేరుతుంది. బిట్‌కాయిన్‌లో నమోదైన చెల్లింపును రద్దుచేసే బ్యాంకు లేదు. కనుక పంపే ముందు తెరపై కనిపించే చిరునామాను వర్తకుని వద్దనున్న దానితో సరిచూసుకోవడం శ్రేయస్కరం.