పొగ మానదలచినవారికి నడక

ఉదయము కాఫీ త్రాగిన వెంటనే, భోజనానంతరమున, పని నడుమ విరామమందు బీడీయో సిగరెట్టో వెలిగించుట అలవడినవారికి, మానిన తొలి దినములలో ఈ వేళలే మిక్కిలి కష్టమైనవి.

పొగ పీల్చిన పది, ఇరువది సెకండ్లలోనే నికోటిన్ మెదడును చేరును. అది అందనప్పుడు చిరాకు, నిద్రలేమి, మనస్సు నిలువకపోవుట కలుగును. ఈ బాధ మొదటి వారమున తీవ్రముగా నుండి, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును. పొగకై పుట్టు తహతహ మాత్రము ఎడతెగక యుండునది కాదు. అలవలె లేచి, సాధారణముగా కొలది నిమిషములలో విరిగిపోవును. ఆ కొలది నిమిషములే గడ్డు సమయము.

వ్యాయామము అక్కరకు వచ్చునది అచ్చటనే. కొలది నిమిషములు వడిగా నడచినను తహతహ తగ్గునని అనేక ప్రయోగములలో తేలినది. నడక ముగిసిన పిదప కూడ ఆ ఉపశమనము కొంతసేపు నిలుచును. ఇందుకు మైదానము గాని పరికరములు గాని అవసరము లేదు. వీధి చివరవరకు పోయి వచ్చినను, మేడమెట్లు ఎక్కి దిగినను చాలును. దారిలో బడ్డీకొట్టు లేకుండ చూచుకొనుట మేలు.

"పగలంతయు ఒళ్లు వంచి పనిచేయువానికి వేరే వ్యాయామమేల?" అని కూలి పనివారు అడుగుట సహజమే. ఇచ్చట ముఖ్యమైనది శ్రమ మొత్తము కాదు, సమయము. బీడీ వెలిగించు విరామమునందే నాలుగడుగులు వేయవలయును.

1999లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 281 మంది స్త్రీలు పాల్గొనిరి. అందరికిని పొగ మానుటకు శిక్షణ యిచ్చి, కొందరిచేత మాత్రము వారమునకు మూడుసార్లు గట్టి వ్యాయామము చేయించిరి. ఏడాది పిదప వీరిలో నూటికి సుమారు 12 మంది, తక్కినవారిలో సుమారు 5 గురు పొగకు దూరముగా నుండిరి. అయితే 2019లో ఇట్టి 24 పరిశోధనలను కలిపి చూచిన కోక్రేన్ సమీక్ష, వ్యాయామము వలన దీర్ఘకాలమున ఎక్కువమంది మానుదురనుటకు తగిన రుజువు లేదని తేల్చినది. కనుక నడకను మందుగా గాక తోడుగా గ్రహింపవలయును. వైద్యుని సలహాను, నికోటిన్ చూయింగ్ గమ్ వంటి చికిత్సను విడువరాదు.

పొగ మానిన ఏడాదిలో బరువు సగటున నాలుగైదు కిలోలు పెరుగును. ఆ భయముతో మరల వెలిగించువారు కలరు. వ్యాయామము ఈ పెరుగుదలను కొంత తగ్గింపగలదు.

ఛాతీనొప్పి, ఆయాసము ఉన్నవారు వైద్యునికి చూపించుకొనక పరుగులకు దిగరాదు. మెల్లని నడకతో ఆరంభింపవలయును. భారతదేశమున 1800-11-2356 అను జాతీయ టెలిఫోను నంబరునకు ఉచితముగా ఫోను చేసి, పొగాకు మానుటకు సలహా పొందవచ్చును.