ప్యాకింగ్ ఫిల్ములపై వాతావరణ పీడన ప్లాస్మా ప్రక్రియ: జీడిపప్పు నిల్వలో దాని పాత్ర, పరిమితులు

ఉద్దానం తోటల జీడిపిక్కలు పలాస–కాశీబుగ్గ కర్మాగారాలలో పప్పుగా మారి దూరప్రాంతాల విపణికి చేరుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఈ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, చేతికందిన పప్పు నిల్వలో చెడకుండా చూడటం ముఖ్యం. జీడిపప్పులో సుమారు 45 శాతం కొవ్వు ఉంటుంది. తేమ 5 శాతం మించితే పప్పు మెత్తబడుతుంది. ఆక్సిజన్ సోకితే పాత నూనె వాసన వస్తుంది. అందువలన దీనిని బహుళ పొరల సంచులలో నింపుతారు. ఆ పొరలు విడిపోకుండా, ముద్రణ చెరగకుండా ఉండాలంటే ఫిల్ము ఉపరితలం అనుకూలంగా ఉండాలి.

సిరా ఎందుకు అంటదు?

పాలిథీన్, పాలీప్రొపిలీన్ అణువులలో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉంటాయి. వీటి ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు. నూనె రాసిన పళ్ళెంపై నీటివలె, సిరా, జిగురు వీటిపై పరచుకోక ముడుచుకుంటాయి.

ప్రక్రియ

1951లో డెన్మార్క్ ఇంజనీరు వెర్నర్ ఐస్బీ రూపొందించిన కరోనా పద్ధతి ఇందులో అతి సాధారణమైనది. దీనికి శూన్యగది అవసరం లేదు. ఎలక్ట్రోడుకు, రోలరుకు నడుమ గల సన్నని ఖాళీలో వేల వోల్టుల విద్యుత్తు గాలిని అయనీకరిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్ పరమాణువులు ఫిల్ముపై బంధాలను తెంచగా, అక్కడ హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. ఉపరితల శక్తి 38 మిల్లీన్యూటన్లు దాటితే సాధారణంగా ముద్రణకు అనుకూలం. వెలువడే ఓజోన్‌ను మాత్రం గొట్టాల ద్వారా బయటికి పంపాలి.

పరిమితులు

ఈ మార్పు కొన్ని నానోమీటర్ల లోతుకే పరిమితం. కనుక ప్లాస్మా ప్రక్రియ జరిగిన ఫిల్ము ఆక్సిజన్‌ను ఎక్కువగా అడ్డుకుంటుందని భావించడం పొరపాటు. అది పొరల ఎంపికపై, అతుకుపై ఆధారపడుతుంది. ఫిల్ములోని జారుడు పదార్థాలు క్రమంగా పైకి చేరడంతో నిల్వకాలంలో ప్రభావం తగ్గుతుంది. ప్రక్రియ మితిమీరితే ఉపరితలం బలహీనపడుతుంది. వేడితో అతికించే వైపు జరిగితే అతుకు దెబ్బతినవచ్చు.

సూచనలు

పలాస, టెక్కలి ప్రాంతాలలో చిల్లర ప్యాకింగ్ చేపట్టేవారికి విస్తరణ శాస్త్రవేత్తలు మూడు విషయాలు తెలపాలి. మొదటిది, ఫిల్ము కొనేటప్పుడు ప్రక్రియ జరిగిన తేదీ, ఏ వైపు జరిగిందీ అడగాలి. రెండవది, 38 స్థాయి డైన్ ద్రవంతో గీత గీసి చూడాలి. అది 2 సెకన్లు చెదరక నిలిస్తే ఉపరితలం తగినదే. మూడవది, ముద్రణపై అంటుపట్టీ వేసి లాగి చూడాలి. సిరా ఊడి వస్తే సిరాను నిందించకముందే ఫిల్మును పరీక్షించడం మేలు.