మీకు తెలుసా? ఆఫీసుకూ వెళ్లగలిగిన సూపర్ కారు

స్పోర్ట్స్ కారంటే ఆదివారం షికారుకు తీసి, సోమవారం మెకానిక్‌కు అప్పగించేదన్న పేరుండేది. ఆ పేరు చెరిపేసింది హోండా ఎన్‌ఎస్‌ఎక్స్. 1989లో షికాగో ఆటో షోలో చూపించి, 1990లో అమ్మకానికి పెట్టారు. బాడీ మొత్తం అల్యూమినియమే. అలాంటి బాడీతో వరుసగా తయారై జనానికి అమ్మిన కార్లలో ఇదే మొదటిది.

3 లీటర్ల వీ6 ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది. అయినా డ్రైవరుకు చుట్టుపక్కల రోడ్డంతా చక్కగా కనిపిస్తుంది. ఎఫ్-16 యుద్ధ విమానం కాక్‌పిట్‌ను మనసులో పెట్టుకుని క్యాబిన్ గీశారు మరి! ఏసీ సరిగ్గా పనిచేస్తుంది (ఆ రోజుల్లో ఈ తరగతి కార్లకు ఇది చిన్న విషయమేం కాదు). ఇంజిన్ వెనక గోల్ఫ్ బ్యాగు పట్టేంత డిక్కీ కూడా ఉంది.

జపాన్‌లోని సుజుకా ట్రాక్‌పై దీన్ని నడిపి చూసిన ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా బాడీ ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. ఇంజినీర్లు ఆ పని చేశారు. మెక్‌లారెన్ ఎఫ్1 సూపర్ కారు రూపకర్త గోర్డన్ మర్రే తన కారుకు దీన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. అంతేకాదు, సొంతానికి ఒకటి కొనుక్కుని ఏళ్ల తరబడి నడిపారు.

లోటల్లా ఒకటే, సీట్లు రెండే. పిల్లలున్న ఇంటికి రెండో కారు తప్పదు.