గాదె అడుగున ఏముంది?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజున మా ఇంట్లో బియ్యానికి కొదవ లేదు. వంటగది మూలనున్న నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి పైగానే నిండి ఉంది. అయినా భయం ఊరుకోదు కదా! మరో రెండు బస్తాలు తెప్పించాం. ఒకటి డ్రమ్ములో గుమ్మరించి, రెండోది మంచం కిందికి తోశాం. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో, దేవుడు మా అక్కరలన్నీ తీర్చాడని స్తోత్రం చెల్లించాం.

మూడు వారాలు గడిచాక, మా సంఘంలోనే వెనుక వరుసలో కూర్చునే ఒక సహోదరి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. నాలుగిళ్లలో పని చేసుకుని బతికే మనిషి. పనులన్నీ ఆగిపోయాయి. ఆమె ఇంట్లో తినేవాళ్లు ఐదుగురు. 'అక్కగారూ, ఒక సోలెడు బియ్యం అప్పుగా ఇస్తారా? రేషన్ రాగానే తెచ్చిస్తాను' అంది. సోలెడు కొలిచి ఇచ్చాం. 'తిరిగివ్వక్కర్లేదులే అమ్మా' అని కూడా అన్నాం. లోలోపల కాస్త తృప్తి పడ్డాం కూడా. ఆమె మాత్రం రేషన్ బియ్యం అందిన రోజునే సోలెడు తెచ్చి, గట్టు మీద పెట్టి వెళ్లింది.

జూలైలో డ్రమ్ము అడుగు తగిలింది. అంతకు ముందునుంచే అక్కడక్కడా పురుగు కనబడుతుంటే చెరిగి వండుకుంటున్నాం. అడుగున చెయ్యి పెడితే బియ్యం ఉండలు ఉండలుగా, బూజు దారాలతో అంటుకుని వచ్చాయి. పట్టుకుంటే పిండిలా రాలిపోయాయి. ముక్కపురుగులు మోచేతి దాకా పాకాయి. తూచి చూస్తే పదకొండు కిలోలు! ప్రతి సంక్రాంతికీ కొత్త బియ్యాన్ని పాతవాటి మీదే పోస్తూ వచ్చాం. పైనుంచి తీసి వండుకుంటున్నాం. మూడు నాలుగేళ్ల నాటి గింజలు అడుగునే ఉండిపోయాయి. పక్కవాళ్ల కోళ్లకు వేస్తే అవీ కెలికి వదిలేశాయి. పారబోసి వచ్చాక ఇంట్లో చాలాసేపు ఎవరమూ మాట్లాడుకోలేదు. పదకొండు కిలోల్లో ఎన్ని సోలలుంటాయో లెక్క కట్టడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నిర్గమకాండం 16వ అధ్యాయం. ఏ రోజు మన్నా ఆ రోజే తినమన్నా వినకుండా కొందరు తెల్లవారే దాకా దాచుకున్నారు. అది పురుగు పట్టి కంపు కొట్టింది. ఈ భాగం చదివి, దాచుకోవడమే అవిశ్వాసమని బోధించేవాళ్లున్నారు. కానీ ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదవాలి. ఆరో రోజున రెండింతలు కూర్చుకుని దాచుకోమన్నది కూడా దేవుడే. ఆ రాత్రి దాచింది కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. రాబోయే తరాల వాళ్లు చూడటానికి ఒక ఓమెరు మన్నాను పాత్రలో పెట్టి భద్రపరచమని కూడా ఆయనే ఆజ్ఞాపించాడు. మన్నా ఒకటే. దాచిన మనసులోనే తేడా ఉంది.

యోసేపు ఐగుప్తులో ఏడేళ్ల పాటు పంటలో ఐదో వంతు నిల్వ చేయించాడు (ఆది. 41). అందులో మనం పెద్దగా పట్టించుకోని వివరం ఒకటుంది. ఏ పట్టణం చుట్టూ పండిన ధాన్యాన్ని ఆ పట్టణంలోనే ఉంచాడు. ఆకలి ఎక్కడ పుడుతుందో తిండి అక్కడే ఉండాలన్న మాట. కరువు రాగానే కొట్లు తెరిచాడు. అయితే ఐగుప్తీయులు ఆ ధాన్యం కోసం పశువులనూ, చివరికి పొలాలనూ ఫరోకు అమ్ముకోవలసి వచ్చిందని 47వ అధ్యాయం చెబుతోంది. ప్రసంగాల్లో ఆ భాగాన్ని మనం త్వరగా దాటేస్తుంటాం. లూకా 12లో యేసుప్రభువు చెప్పిన ధనవంతుడి కథలోనూ తప్పు కొట్లది కాదు. ఆ మనిషి తనలో తాను మాట్లాడుకున్నదంతా విని చూడండి, 'నా' అనే మాటే తప్ప పక్కింటి ఊసే లేదు. ఇక మత్తయి 13లో ప్రభువు, పరలోక రాజ్య శిష్యుణ్ణి తన నిధిలోనుంచి కొత్తవీ పాతవీ బయటికి తెచ్చే ఇంటి యజమానితో పోల్చాడు. ఆయన చెప్పింది వాక్యాన్ని గురించే. కానీ ఆ పోలిక సరుకుల గది ఎరిగిన ఇంటి నుంచే వచ్చింది కదా!

మన పెద్దలకు ఈ విద్య తెలుసు. కొన్ని గాదెలకు అడుగున చిన్న తలుపు ఉండేది. కొత్త ధాన్యం పైనుంచి పోస్తే, పాతది కిందినుంచి బయటికి వచ్చేది. మా డ్రమ్ముకు లేనిది ఆ తలుపే. జొన్నలు నేలలో పాతర వేసిన ఊళ్లలో, పాతర తెరిచాక వెంటనే దిగేవాళ్లు కాదు. గింజలు కూడా ఊపిరి తీస్తాయి. మూసి ఉన్న గోతిలో ప్రాణవాయువు తరిగిపోయి, దిగినవాళ్లు చనిపోయిన సందర్భాలున్నాయి. అందుకే కొంతసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే దిగేవాళ్లు. ఎన్నాళ్లూ మూసిపెట్టిన ధాన్యం మనిషి ప్రాణమే తీయగలదని వాళ్లకు అనుభవం.

అయితే గాదె అందరి ఇళ్లలోనూ లేదు. భూమి ఉన్నవాడికే గాదె. 1876-78 కరువులో ముందుగా కూలిపోయింది ఏ పూట కూలి ఆ పూట తినే కుటుంబాలే. ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చాడు. సహాయం నడుస్తున్నంత కాలం మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని! అది ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. పెట్టే చేయి ప్రతిఫలం అడగకూడదన్న పాఠం తెలుగు సంఘాల పుట్టుకలోనే ఉంది.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వద్దాం. మేమేమీ ఏడాదికి సరిపడా కొనలేదు. తీర ప్రాంతపు వాళ్లకు తుపాను కొత్త కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. కనీసం ఒక నెల తిండి ఇంట్లో ఉండాలనుకున్నాం. నెల సరుకులతో పాటు ఒక కిలో కందిపప్పు, మరుసటి నెల ఒక నూనె ప్యాకెట్, ఆ తర్వాత ఉప్పు, చింతపండు, ఇలా ఒక్కొక్కటే అదనంగా చేర్చుకుంటూ పోయాం. మనం రోజూ తినేదే దాచాలి. తినని వస్తువు ఎంత చవకగా దొరికినా అది అటక మీద చెత్తే. చౌకబేరమని తెచ్చిన ఓట్స్ ప్యాకెట్లు మాకు ఆ పాఠం నేర్పాయి.

అన్నిటికీ ఒకే ఆయుష్షు ఉండదు. ధాన్యంగా ఉంటే ఎక్కువ కాలం, బియ్యంగా మారితే అంతకంటే తక్కువ. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి దంపుడు బియ్యం ఇంకా త్వరగా ముక్కిపోతాయి. రవ్వ, పిండి కొద్దిగానే కొనాలి. నూనె వెలుగు తగలని చోట ఉంచాలి. పప్పులు ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో తొక్కాలి. ఆవకాయ సంగతి తెలుగువాళ్లకు చెప్పాలా, తడి చెయ్యి పెట్టకపోతే ఏడాది ఢోకా లేదు. ఎండిన వేపాకు, ఎండుమిర్చి బియ్యంలో వేయడం మంచిదే గానీ, వాటిని వేసి నాలుగేళ్లు మరిచిపోతే వేపాకు మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు రెండు చిన్న డ్రమ్ములున్నాయి. ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా రెండోదాని మూత తీయం. ఖాళీ అయినదాన్ని కడిగి, ఎండబెట్టి, కొత్త బియ్యం పోసి, మూత మీద సుద్దముక్కతో నెల, సంవత్సరం రాస్తాం. అలమరలో కొత్త ప్యాకెట్ వెనక్కి, పాతది ముందుకి.

ఇక్కడే మరో తప్పు చేయబోయాం. మా సంఘంలో స్త్రీల సమాజం వారు గుప్పెడు బియ్యం పెట్టె మళ్లీ మొదలుపెట్టారు. మిజోరం సంఘాల్లో 1910లో మొదలై నేటికీ నడుస్తున్న పద్ధతే ఇది. వండే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టి, దేవుని పనికి ఇవ్వడం. తేదీ దగ్గరపడిన ప్యాకెట్లన్నీ ఆ పెట్టెలో వేస్తే సరుకు తిరిగినట్టూ ఉంటుంది, ఇచ్చినట్టూ ఉంటుంది అనుకున్నాం. సంచి సర్దాం కూడా. మా ఇంటి పెద్దావిడ అది చూసి, 'మలాకీ మొదటి అధ్యాయం చదివి ఆ సంచి పట్టుకెళ్లండి' అంది. కుంటివాటిని, గుడ్డివాటిని బలిపీఠం మీదికి తెచ్చినవాళ్లను దేవుడు నిలదీసిన అధ్యాయం అది. సంచి విప్పేశాం. అప్పటినుంచి పాతది మేము తింటాం, కొత్తది పెట్టెలో వేస్తాం. బియ్యం విషయంలో మాత్రం తిరగేశాం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, బాగా దాచిన పాత బియ్యం పొడిపొడిగా ఒదుగుతుంది. అందుకని పెట్టెలోకి వెళ్లేది పాత బియ్యమే.

ఆ పెట్టె తాళం ఇప్పుడు మా గేటు దగ్గరికి వచ్చిన ఆ సహోదరి దగ్గరే ఉంది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కమిటీ కంటే ఆమెకే ముందు తెలుస్తుంది. ఎవరికి ఇచ్చిందో ఎవరికీ చెప్పదు, మేమూ అడగం.

మొన్న సంక్రాంతికి డ్రమ్ము బోర్లించి దులిపితే, అడుగున అర సోలెడు బియ్యం రాలాయి. పురుగు లేదు. ఆ పూటకి అవే వండుకున్నాం.