బడిని చూసి వద్దాం

పలకలకు పేరుపడ్డ మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా సర్కారు బడి అనగానే ‘అక్కడేం చెబుతారులే’ అనేస్తాం. ఒక్కపూట వెళ్ళి చూద్దాం, సోదరీమణులారా!

గోడల రంగు చూసి మురిసిపోకండి. పంతులమ్మగారి నడిగి మూడో తరగతి పిల్లచేత కొత్త పాఠం చదివించండి. చదువు సంగతి తేలిపోతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి వేరే ఉండాలి.

తాగే నీళ్ళెక్కడివో తప్పక అడగండి. మన పడమటి ప్రాంతపు బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే పసివాళ్ళ పళ్ళకు గార పట్టవచ్చు, ఎముకలూ దెబ్బతినవచ్చు. కాచినంత మాత్రాన అది పోదమ్మా!

లోపం కనబడితే పిల్లను మాన్పించడం ఒక్కటే దారి కాదు. బడి యాజమాన్య కమిటీలో సగంమంది స్త్రీలే ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. అందులో కూర్చుని మనమే అడుగుదాం.