కొనువారి కోరిక – ఆటల అంగడి

అంగడి పెట్టిన ప్రతివానికిని ఒక ప్రశ్న తప్పదు: రేపు ఏ సరకు తెచ్చి పెట్టవలెను? వీథి చివర పచారి కొట్టు నడుపువాడు ఎదుట నిలిచిన వారి ముఖములు చూచియు, నిన్న 'లేదు' అని పంపివేసిన సరకును జ్ఞాపకముంచుకొనియు ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొనును. కాని కొనువాడు ఒక ఖండములోను, అమ్మువాడు వేరొక ఖండములోను ఉండి, సరకు చేతికి అందెడు వస్తువే కాక ఇంటర్నెట్టు ద్వారా ఇంటిలోని కంప్యూటరునకు వచ్చి చేరునదైనప్పుడు ముఖము చూచుట యెట్లు? అడిగినది దొరకక ఊరకే మరలిపోయినవానిని గుర్తించుట యెట్లు? కంప్యూటరుపై ఆడెడు వీడియో ఆటలను అమ్ము అంగళ్ళు ఈ చిక్కును కొనువారి కోరికల జాబితాలతోను, ఓట్లతోను విప్పుకొన యత్నించినవి. ఆ యత్నము ఎక్కడ ఫలించినది, ఎక్కడ బెడిసినది అను విషయమును మనము కొంచెము పరిశీలింతము.

పిల్లల కాలక్షేపమునకు ఇంత చర్చ యెందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. గ్రామఫోను రికార్డులను ఒకసారి తలచుకొనుడు. రికార్డు భద్రముగా నున్నను, దానిని తిప్పెడు పెట్టె లేకున్న పాట వినబడదు. కంప్యూటరు ఆట గతియు అట్టిదే. యంత్రములు మారినప్పుడెల్ల పాత ఆట కొత్త యంత్రముపై నడువక మొరాయించును. చేసిన కంపెనీ మూతపడినచో దానిని సరిచేయు దిక్కుండదు. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ అను మరియొక సంస్థతో కలిసి జరిపిన పరిశీలనలో, 2010కి పూర్వము ఆ దేశమున విడుదలైన ఆటలలో నూటికి 87 అంగడిలో కొనుటకు దొరకుటలేదని తేలినది. అనేకులు ఏండ్ల తరబడి శ్రమించి చిత్రించి, స్వరపరచి, కథ కూర్చిన కృతులు ముప్పది యేండ్లు తిరుగకముందే కనుమరుగగుచున్నవన్నమాట. కావున ఏ ఆటను తిరిగి తెత్తుమన్న ప్రశ్న వట్టి వ్యాపారుల ప్రశ్న మాత్రమే కాదు.

ఈ అంగళ్ళలో కోరికల జాబితాలు రెండు విధములు. మొదటిది, అంగడిలో నున్నట్టియు, త్వరలో రానున్నట్టియు ఆటలలో తనకు నచ్చినవానిని ఎవరికి వారు గుర్తుపెట్టుకొను జాబితా. రెండవది, అంగడిలో లేనేలేని ఆటను తెప్పింపుడని పదిమందియు చేరి పెట్టుకొను విన్నపము వంటిది. చూచుటకు రెండును ఒకటే యనిపించినను, రెండును చేయు పని వేరు.

మొదటి విధమునకు స్టీమ్ అను అంగడి మంచి ఉదాహరణము. అమెరికాలోని వాల్వ్ అను కంపెనీ దీనిని 2003లో ప్రారంభించినది. ఒక ఆట ఇంకను తయారగుచుండగానే దాని బొమ్మలను, వివరములను అచట ప్రదర్శింతురు. చూచి ముచ్చటపడినవారు దానిని తమ జాబితాలో వ్రాసికొందురు. ఆ ఆట విడుదలైననాడు గాని, దాని వెలను తగినంత తగ్గించిననాడు గాని, జాబితాలో వ్రాసికొన్న వారందరికిని అంగడి ఉత్తరము పంపును. త్వరలో రానున్న ఆటలలో ఏవానిని ముందు వరుసలో చూపవలెనన్నది నిర్ణయించుటలోను ఈ జాబితాల లెక్క పనికివచ్చును. అందుచేతనే ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న ఆటను చేయుచున్న కుర్రవాండ్రు సహితము విడుదలకు మాసముల ముందుగనే తమ పుటను తెరచి, జాబితాల సంఖ్య పెరుగుచున్నదా లేదా యని దినదినము చూచుకొందురు. అయితే విడుదలైన తరువాత అంగడి ముఖ్యముగా చూచునది కోరికలను గాదు, అమ్మకములను. పెండ్లికి వత్తుమన్నవారి లెక్కకును, విస్తరి ముందు కూర్చున్నవారి లెక్కకును భేదముండుట మనకు క్రొత్త గాదు గదా.

ఈ స్టీమ్ అంగడియే ఒకప్పుడు మరింత సాహసమునకు పూనుకొన్నది. ఏ క్రొత్త ఆటలను లోనికి రానీయవలెనను నిర్ణయమును కొనువారి ఓటునకే విడిచిపెట్టినది. 'గ్రీన్‌లైట్', అనగా పచ్చదీపము, అను పేరుతో 2012 ఆగస్టులో ఈ పద్ధతి ఆరంభమైనది. చేసినవారు తమ ఆటను జనుల ముందుంచుట, జనులు ఔననియో కాదనియో చెప్పుట, ఓట్లు చాలినన్ని పడినవానికి పచ్చదీపము చూపుట – ఇదియే పద్ధతి. ఆ సెప్టెంబరులో మొదటి పది ఆటలు గట్టెక్కినవి. అంతకుముందు కంపెనీ ఉద్యోగులు కొందరే కూర్చుండి నిర్ణయించుచుండిరి గనుక, పేరులేని చిన్నవారికి ఇది తలుపు తెరచినట్లయినది.

కాని త్వరలోనే లోపములు బయటపడినవి. పరిహాసమునకు లేని ఆటలను ఉన్నట్లు పెట్టువారు బయలుదేరగా, ఒక నెల తిరుగకముందే 100 డాలర్ల రుసుము విధింపవలసి వచ్చినది. ఆ సొమ్మును పిల్లల ఆసుపత్రులకు తోడ్పడు ధర్మసంస్థ కిచ్చిరి. మరికొందరు, "మా ఆటకు ఓటు వేసినచో మీకు ఆ ఆటయే ఉచితము" అని ఆశచూపి ఓట్లు కూడగట్టిరి. ఓటు వేయుటకు కానీ ఖర్చులేదు. వేసినవాడు కొనితీరవలెనన్న నియమమును లేదు. ఖర్చులేని మాట తేలికగా పలుకబడును. అన్నింటికంటె విచిత్రమేమనగా, ఆటను చక్కగా చేయు నేర్పు ఒకటి, ఓట్లు పోగుచేయు నేర్పు మరియొకటి. మొదటిది గలవారికెల్ల రెండవది ఉండదు. తుదకు 2017 జూన్‌లో వాల్వ్ వారు ఓటు పద్ధతిని ఎత్తివేసి, ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు కట్టి ఎవరైనను తమ ఆటను నేరుగా అమ్మకమునకు పెట్టుకొనవచ్చునన్న పద్ధతిని తెచ్చిరి. ఆట మీద 1000 డాలర్లు వచ్చినచో ఆ రుసుము తిరిగి చేతికి వచ్చును. ద్వారము వద్ద ఓటు పోయినది. లోపల కోరికల జాబితా నిలిచినది.

ఈ సందర్భమున రేడియో శ్రోతలకు చిరపరిచితమైన ఒక ఊరి పేరు జ్ఞప్తికి వచ్చుచున్నది. అది జుమ్రీ తలయ్య. నేటి జార్ఖండ్ రాష్ట్రమున, అభ్రకపు గనుల ప్రాంతమున నున్న చిన్న పట్టణము. రేడియో సిలోనుకును, వివిధభారతికిని ఆ ఊరినుండి వచ్చిపడిన కోరిక చీటీలకు లెక్కలేదు. ఏ పాట వేసినను కోరినవారి పేర్లలో ఆ ఊరు వినబడుచుండుటచేత, దేశమంతటను అదేదో మహానగరమను భావము కలిగినది. ఆ ఊరివారు పాటలను నిజముగనే ప్రేమించిరి. అందు తప్పేమియు లేదు. కాని కార్డు వ్రాసినవారిని లెక్కించుట వేరు, పాట విన్నవారిని లెక్కించుట వేరు. మౌనముగా విని సంతోషించిన లక్షలమంది ఆ లెక్కలోనికి రారు. ఓట్లతో నడచు ఏ అంగడి యైనను ఈ సంగతిని మరువరాదు.

ఇక రెండవ విధమైన జాబితాకు వత్తము. పోలండు దేశపు రాజధాని వార్సాలో 1994లో ఇద్దరు యువకులు సీడీ ప్రొజెక్ట్ అను వ్యాపారమును మొదలుపెట్టిరి. నాడు ఆ దేశమున అనుమతి లేక నకలుచేసిన ఆటలు సంతలలో చౌకగా దొరకుచుండెను. దొంగనకలుతో పోటీపడవలెనన్న అంతకంటె మేలైన సరకు ఈయవలెనని వారు గ్రహించి, 1999లో 'బాల్డర్స్ గేట్' అను ఆటను పోలిష్ నటుల కంఠములతో, పటములు మొదలైనవి చేర్చి, అందమైన పెట్టెలో పెట్టి అమ్మిరి. ఆ అనుభవముతోనే 2008లో 'గుడ్ ఓల్డ్ గేమ్స్', అనగా మంచి పాత ఆటలు, అను అంగడిని తెరచిరి. మూడు మాటల మొదటి అక్షరములు కలిపి దానిని గాగ్ అందురు. మొదట 5 డాలర్ల 99 సెంట్లు, 9 డాలర్ల 99 సెంట్లు – ఈ రెండే వెలలు. ఆటకు తాళము వేయకుండుట వారి ముఖ్య నియమము. అనగా ఒకసారి కొని దింపుకొన్నవాడు అంగడిని మరల అనుమతి యడుగ నక్కరలేకయే దానిని దాచుకొనవచ్చును.

పాత ఆటలలో ఏవానిని తేవలెనో తెలియుటకు వారు కొనువారినే అడిగిరి. ఒక్కొక్క ఆట పేరు క్రింద ఓట్లు చేరుచుండెను. ఆ పట్టికలో చాలకాలము అగ్రభాగమున నిలిచినది 1999లో విడుదలైన 'సిస్టం షాక్ 2'. దానిని చేసిన కంపెనీలలో నొకటైన లుకింగ్ గ్లాస్ 2000లో మూతపడగా, హక్కులు ఒక భీమా కంపెనీ చేతిలో చిక్కుకొన్నవి. భీమా కంపెనీకి ఆటతో పనియేమి? 2012లో స్టీఫెన్ కిక్ అను అమెరికా యువకుడు మధ్య అమెరికాలో ప్రయాణించుచు, చిన్ననాటి ఆ ఆటను ఆడబోయి, అది నడువకపోగా హక్కు లెవరివని ఆరా తీసి, ఆ కంపెనీకే ఉత్తరము వ్రాసెను. ఇంచుమించు అదే కాలమున, పేరు చెప్పని యొక నిపుణుడు ఆ ఆటను నేటి యంత్రములపై నడిపించు సవరణను లోకమునకు విడుదల చేసెను. హక్కు లొకవైపునుండి, మరమ్మతు వేరొకవైపునుండి వచ్చి కలియగా, 2013 ఫిబ్రవరిలో ఆ ఆట గాగ్ అంగడిలో వెలసినది. కిక్ స్థాపించిన నైట్‌డైవ్ అను సంస్థ నేడు పాత ఆటల పునరుద్ధరణకు పేరుపొందినది. అదే ఆటను 2025లో క్రొత్త మెరుగులతో మరల విడుదల చేసినది.

ఈ కథలో ఓట్లు చేసిన పని యేమి? ఓట్లు హక్కులను విడిపింపలేదు, మరమ్మతు చేయలేదు. కాని, "దీనిని తెచ్చినచో కొనువారున్నారు" అను సాక్ష్యమును సిద్ధముగా నుంచినవి. హక్కుదారుని గుమ్మమున నిలిచి, "మీ పాత ఆటను ఇండు" అని యూరకే అడుగుట వేరు. "ఇన్ని వేలమంది దీనికై వేచియున్నారు, చూడుడు" అని జాబితా చూపుట వేరు. బ్లిజార్డ్ కంపెనీవారి 'డయాబ్లో' 2019లోను, జపానులోని క్యాప్‌కామ్ కంపెనీవారి 'రెసిడెంట్ ఈవిల్' పాత ఆటలు మూడును 2024లోను ఈ అంగడికి చేరినవి. 2025 జనవరిలో గాగ్ వారు తమ జాబితాను 'డ్రీమ్‌లిస్ట్', అనగా కలల జాబితా, అను క్రొత్త రూపమున దిద్దితీర్చిరి. అందు ఓటుతోబాటు ఆ ఆటతో తమకు గల జ్ఞాపకములను గూడ జనులు వ్రాయవచ్చును. అంకెకు మనుష్యుని మాట తోడైనది.

అయితే ఓటునకు లొంగని తలుపులును గలవు. 2000లో వచ్చిన 'నో వన్ లివ్స్ ఫరెవర్' అను ఆటను కోరినవారు అసంఖ్యాకులు. నైట్‌డైవ్ వారు దానికై గట్టిగా పాటుపడిరి. కాని హక్కులు కంపెనీల కలయికలలో, అమ్మకములలో ఎవరివో తేలనట్లు చెదరిపోయినందున 2015 నాటికి ఆ యత్నము విడువవలసివచ్చినది. వచ్చినవి నిలుచునన్న నమ్మకమును లేదు. 'వార్‌క్రాఫ్ట్' మొదటి రెండు ఆటల అమ్మకమును, హక్కుదారులైన బ్లిజార్డ్ వారు కోరగా, గాగ్ అంగడి 2024 డిసెంబరులో ఆపవలసివచ్చినది. అప్పటికే కొన్నవారికి మాత్రము నష్టము కలుగలేదు. తాళములేని ఆట వారియొద్దనే యున్నది. దానిని ముందు ముందు యంత్రములపై గూడ నడిపింతుమని అంగడివారు మాట యిచ్చిరి. అంతకు నెల ముందే, నూరు ఆటలతో, పాత ఆటలను చెడకుండ కాపాడు ప్రత్యేక పథకమును వారు ఆరంభించి యుండిరి.

కావున మనము గ్రహింపదగిన దేమనగా – కోరిక చెప్పుకొను వీలు కొనువారికి బలమే. కాని ఆ బలము ఏ చోట నుపయోగపడునో తెలిసి వాడవలెను. మంచిచెడ్డలు తేల్చు న్యాయాధిపతి స్థానమున ఓటును కూర్చుండబెట్టినప్పుడు అది తడబడినది. మరచిపోయిన వస్తువును గుర్తుచేయు సాక్షిగా నిలిపినప్పుడు అది గెలిచినది. తక్కిన పనియంతయు ఓపికతో ఉత్తరములు వ్రాయువారిది, హక్కు పత్రములు వెదకువారిది, చెడిన యంత్రభాగమును విప్పి కూర్చువారిది. వారు మన మధ్య సంఖ్యలో కొలదిమందియే. తమ శ్రమను ఎటు మళ్ళింపవలెనో వారికి చెప్పునది మాత్రము, ఎక్కడో తన యింట కూర్చుండి "నాకిది మరల కావలెను" అని ఒక గుర్తు పెట్టిన సామాన్యుడే.