స్కైలైన్ జీటీ-ఆర్‌కు ఏ ఇగ్నిషన్ కాయిల్ వేయాలి?

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో ఉండే ఆర్‌బీ26డీఈటీటీ ఇంజన్‌కు ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, ఆరు ఇగ్నిషన్ కాయిల్స్ ఉంటాయి. దీని సామర్థ్యం 2,568 సీసీ. 1989లో ఆర్32 కారుతో వచ్చి, 1995లో ఆర్33కూ 1999లో ఆర్34కూ అందిన ఈ ఇంజన్, 2002లో ఆ కార్ల తయారీ ఆగిపోయేదాకా పెద్దగా రూపం మారలేదు. మారినది ప్లగ్‌లో మంట రాజేసే ఏర్పాటు. బయటికి ఒకేలా కనిపించే ఇంజన్లకు వేర్వేరు కాయిల్స్ కావలసి రావడానికి కారణం అదే.

కాయిల్ లోపల ఇనుప కోర్ చుట్టూ రెండు రాగి తీగ చుట్టలు ఉంటాయి. లావు తీగతో కొద్ది చుట్లు చుట్టినది ప్రైమరీ, సన్న తీగతో వేల చుట్లు చుట్టినది సెకండరీ. బ్యాటరీ కరెంటు ప్రైమరీలో రెండు మూడు మిల్లీసెకన్లు పారేసరికి కోర్‌లో అయస్కాంత క్షేత్రం నిండుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటును తెంచేస్తే క్షేత్రం కుప్పకూలి, సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. స్పార్క్ ప్లగ్ కొనల మధ్య ఖాళీని దాటేది ఆ వోల్టేజీయే. కరెంటును కలపడం, తెంచడం ఇగ్నైటర్ పని. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ పంపే సంకేతం చాలా చిన్నది, కాయిల్‌లో పారే కరెంటు చాలా పెద్దది. మధ్యలో నిలబడి ఆ చిన్న సంకేతంతో ఈ పెద్ద కరెంటును నడిపించే పవర్ ట్రాన్సిస్టర్‌నే ఇగ్నైటర్ అంటారు.

కాబట్టి కాయిల్ గుర్తింపు ఇగ్నైటర్ ఎక్కడుందో చూడడంతో మొదలవుతుంది. ఆర్32, ఆర్33 జీటీ-ఆర్‌లలో అది కాయిల్‌కు బయట, ఇంజన్ పైనే వెనకవైపు బిగించిన విడి పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టెలోకి ఈసీయూ నుంచి ఆరు సంకేతాలు వస్తాయి, ఆరు కాయిల్స్‌కూ వైర్లు వెళ్తాయి. ఈ రకం కాయిల్‌లో తీగ చుట్టలు తప్ప ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు. ఆర్34 జీటీ-ఆర్‌కు వచ్చేసరికి నిస్సాన్ ఆ విడి పెట్టెను తీసేసి, ఒక్కో కాయిల్ తలలోనే ఒక్కో ఇగ్నైటర్‌ను అమర్చింది.

ఈ రెండింటినీ కలగలిపితే జరిగే నష్టం చిన్నది కాదు. లోపల ఇగ్నైటర్ ఉన్న కాయిల్‌ను పాత వైరింగ్‌కు తగిలిస్తే, దానికి ఈసీయూ సంకేతం అందవలసిన చోట బయటి ఇగ్నైటర్ తెంచి కలిపే కరెంటు దారి ఎదురవుతుంది. ఇంజన్ స్టార్టు కాదు, కాయిల్ పాడైనా ఆశ్చర్యం లేదు. దీనికి తిరగేసి చేస్తే, అంటే ఇగ్నైటర్ లేని కాయిల్‌ను ఆర్34 వైరింగ్‌కు కలిపితే, కాయిల్ కరెంటు భారం నేరుగా ఈసీయూ మీద పడుతుంది. అంత కరెంటు మోయడానికి దాని లోపలి భాగాలు తయారైనవి కావు. కాయిల్‌తో పోయేది ఈసీయూ దాకా వెళ్తుంది.

ఇదే ఇంజన్ కుటుంబంలోని ఆర్‌బీ25డీఈటీ దగ్గర తికమక ఇంకా ఎక్కువ. ఆర్33 జీటీఎస్-టీ కారులో 1993 నుంచి వచ్చిన తొలి రకాన్ని సిరీస్ 1 అంటారు, దానికి ఇగ్నైటర్ బయట ఉంటుంది. 1996లో వచ్చిన సిరీస్ 2లో అది కాయిల్ లోపలికి చేరింది. కారు పేరు మారలేదు, ఇంజన్ పేరు మారలేదు, కాయిల్ మాత్రం మారిపోయింది. ఆ తర్వాత ఆర్34 జీటీ-టీ కారులో వచ్చిన నియో ఇంజన్‌కూ ఇగ్నైటర్ కాయిల్‌లోనే ఉంటుంది. కానీ దాని తల నిర్మాణం వేరు కాబట్టి సిరీస్ 2 కాయిల్ దానికి సరిపోతుందని అనుకోకూడదు. ‘ఆర్33 కాయిల్ కావాలి’ అని మాత్రమే చెప్పి కొంటే తప్పు సరుకు చేతికి రావడం ఎంత సులభమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తయారీ సంవత్సరం చూస్తే చాలదా? కొత్తలో చాలేది. ఇప్పుడు ఈ కార్లలో చాలావాటి వయసు పాతికేళ్లు దాటింది. పాతికేళ్లు నిండిన కార్లను దిగుమతి చేసుకోనిచ్చే అమెరికా నిబంధన వల్ల మొదటి ఆర్32లు 2014 నుంచి, మొదటి ఆర్34లు 2024 నుంచి అక్కడికి చేరుతున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌లకు అంతకు ముందే ఎన్నో వెళ్లాయి. చేతులు మారే దారిలో ఒక కారు ఇంజన్ ఇంకో కారులోకి వెళ్లింది, పాత వైరింగ్ తీసి కొత్తది వేశారు, అసలు ఈసీయూ స్థానంలో బయటి కంపెనీలవి వచ్చాయి. కాగితాల్లో ఉన్న కారు ఒకటి, బానెట్ కింద ఉన్నది ఇంకొకటి అయినప్పుడు బానెట్ కింద ఉన్నదాన్నే నమ్మాలి.

పరిశీలన బయటినుంచి లోపలికి సాగితే మంచిది. ఇంజన్ గదిలో వెనక గోడకు ఉండే నీలిరంగు ఫలకం మీద ఛాసిస్ సంకేతం ఉంటుంది. బీఎన్ఆర్32, బీసీఎన్ఆర్33, బీఎన్ఆర్34 అనేవి మూడు తరాల జీటీ-ఆర్‌లు. ఈసీఆర్33, ఈఆర్34 అనేవి ఆర్‌బీ25 కార్లు. తర్వాత బ్లాక్ మీద చెక్కిన ఇంజన్ సంఖ్యను చూసి, ఫలకంతో సరిపోతుందో లేదో తేల్చుకోవాలి. ఆర్‌బీ26కు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో థ్రాటిల్ చొప్పున ఆరు ఉంటాయి గనుక ఆర్‌బీ25 నుంచి దాన్ని కంటితోనే విడదీయవచ్చు. ఆ పైన క్యామ్ కవర్ల మధ్య ఉన్న మూత విప్పి ఇగ్నైటర్ పెట్టె ఉందా, ఉంటే వైర్లు నిజంగా దాని గుండానే వెళ్తున్నాయా అని చూడాలి. కొత్త రకం కాయిల్స్‌కు మార్చినవాళ్లు కొందరు పాత పెట్టెను పని లేకపోయినా అక్కడే వదిలేస్తారు.

కాయిల్ కనెక్టర్‌లోని పిన్నులు లెక్కపెట్టి నిర్ణయానికి రావడం ప్రమాదం. మూడు పిన్నులు రెండు రకాలకూ ఉండవచ్చు. ఏ పిన్ను దేనికన్నదే తేడా. మల్టీమీటర్ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఇగ్నైటర్ లేని కాయిల్‌లో ప్రైమరీ రెండు చివరల మధ్య నిరోధం ఒక ఓమ్‌కు అటూ ఇటూ చూపిస్తుంది. ఇగ్నైటర్ ఉన్న కాయిల్‌లో మధ్యలో ట్రాన్సిస్టర్ అడ్డుంటుంది కాబట్టి అలాంటి కొలత రాదు. అలా రాలేదని కాయిల్ పోయిందనుకుని పారేయకూడదు.

కాయిల్ మీద అచ్చయిన పార్ట్ నంబర్ బలమైన ఆధారం. నిస్సాన్ నంబర్లలో మొదటి ఐదు అంకెలు అది ఏ భాగమో, తర్వాతి ఐదు అక్షరాలు ఏ నమూనాకు చెందినదో చెబుతాయి. ఉదాహరణకు 22401 స్పార్క్ ప్లగ్, 22448 ఇగ్నిషన్ కాయిల్. ఛాసిస్ నంబరుతో కంపెనీ క్యాటలాగ్‌లో వెతికితే పాత నంబరు స్థానంలో ఏ కొత్త నంబరు వచ్చిందో కూడా దొరుకుతుంది. పెట్టె మీద బ్రాండు పేరుండి కాయిల్ ఒంటిమీద నంబరు లేకపోయినా, అచ్చు మసకగా ఉన్నా నకిలీ అని అనుమానించవలసిందే.

కొనేముందు తప్పు నిజంగా కాయిల్‌దేనా అన్నది తేల్చుకోవాలి. టర్బో ఒత్తిడి పెరిగేకొద్దీ సిలిండర్‌లో గాలి చిక్కబడి, ప్లగ్ కొనల మధ్య ఖాళీని దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే బలహీనపడిన కాయిల్ ఐడిల్‌లో బాగానే పనిచేసి, ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మిస్సింగ్ ఇస్తుంది. అనుమానం ఉన్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చితే మిస్సింగ్ దాని వెంట వెళ్లిందా లేదా తెలుస్తుంది. వెళ్లకపోతే ప్లగ్, వేడికి పెళుసెక్కిన కనెక్టర్, బయటి ఇగ్నైటర్ వంటివి చూడాలి. ఎన్‌జీకే ప్లగ్ పేరు చివర 11 అని ఉంటే ఖాళీ 1.1 మిల్లీమీటర్లు. ఒత్తిడి పెంచిన ఇంజన్లలో దాన్ని 0.8కి తగ్గించడం మామూలు. ఒక్కోసారి మిస్సింగ్ దాంతోనే పోతుంది, కాయిల్స్ ఖర్చు మిగులుతుంది.

కంపెనీ సరుకు దొరకనప్పుడు చాలామంది ఆర్35 జీటీ-ఆర్ కాయిల్స్ వైపు వెళ్తారు. ఇవి బలమైనవే, లోపల ఇగ్నైటర్ ఉన్నవే. ఆర్‌బీ26కు వీటిని వేయాలంటే బిగించే పట్టీ, ప్లగ్ దాకా చేరే సరైన పొడవు, కొత్త వైరింగ్ కావాలి. పాత ఇగ్నైటర్‌ను దారిలోంచి తప్పించాలి. కరెంటు ఎంతసేపు పారాలన్న లెక్కను కూడా ఈసీయూలో ఆ కాయిల్‌కు తగ్గట్టు, బ్యాటరీ వోల్టేజీని బట్టి మార్చాలి. సమయం తక్కువైతే రవ్వ బలహీనం, ఎక్కువైతే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. చివరగా, కొత్త వైరింగ్‌లో ఆరు కనెక్టర్లకూ సిలిండర్ నంబర్లు రాసి, ఇంజన్ 1-5-3-6-2-4 వరుసలో మండుతుందని గుర్తుంచుకుని, ఏ సంకేతం ఏ కాయిల్‌కు చేరుతోందో ఒక్కొక్కటిగా పరీక్షించాకే ఇంజన్ స్టార్టు చేయాలి.